మోకాలికి బయటి పక్క

విజయవాడలో ఒక ఆసుపత్రి, ఎముకల విభాగం ఓపీ. ఆటల్లో తగిలే దెబ్బల గురించి రాద్దామని అనుమతి తీసుకుని డాక్టరుగారి పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను.

కబడ్డీ ఆడే కుర్రాడొకడు కుంటుతూ వచ్చాడు. కూతకెళ్లినప్పుడు అవతలివాడి భుజం మోకాలికి లోపలి పక్క గుద్దుకుందట. ఎంఆర్‌ఐ తెచ్చాడు. డాక్టరు దాన్ని బల్ల మీద పెట్టి, "ముందు నడువు బాబూ" అన్నారు. అడుగు మోపిన ప్రతిసారీ మోకాలు బయటికి తోసుకొస్తోంది.

కుర్రాడి బాగున్న కాలి మడమను రెండో కాలి మీద వేయించి, మోకాలి బయటి పక్క నన్నూ తడమమన్నారు. బిగించిన పలుపుతాడులా వేలికి తగిలింది. తొడ ఎముక నుంచి పిక్క బయటి పక్క సన్నెముక (ఫిబులా) తల దాకా ఉండే లిగమెంటు అదే. దెబ్బ తగిలిన కాలికి ఆ బిగువు దొరకలేదు.

తర్వాత మోకాలిని 30 డిగ్రీలు వంచి పిక్కను లోపలికి నెట్టారు. కీలు బయటి పక్క తెరుచుకుంది. కాలు చాపి నెట్టినా తెరుచుకుంది. వంచినప్పుడే తెరుచుకుంటే చాలావరకు ఆ ఒక్క లిగమెంటుతో పోతుంది. చాపినా తెరుచుకుంటే కీలు మధ్యలోని క్రూసియేట్ లిగమెంట్లను, మోకాలి వెనక బయటి మూలను కూడా అనుమానించాలి. కుర్రాణ్ణి బోర్లా పడుకోబెట్టి రెండు పాదాలనూ బయటికి తిప్పి పోల్చారు. దెబ్బకాలు పది డిగ్రీలకు పైగా ఎక్కువ తిరిగింది. ఆ వెనక మూల కూడా దెబ్బతిందన్నమాట.

"పాదం పైకెత్తు... బొటనవేలు కూడా." ఎత్తాడు. డాక్టరు ముఖం తేలికపడింది. ఫిబులా మెడ చుట్టూ తిరిగే నరం సాగితే పాదం వాలిపోతుంది.

అప్పుడు తెరిచారు ఎంఆర్‌ఐ. చేతులు చెప్పిందే అదీ చెప్పింది. ముందు క్రూసియేట్ లిగమెంటు (ఏసీఎల్) కూడా తెగింది. అదొక్కటే కొత్తగా వేసి బయటి పక్కను వదిలేస్తే, భారమంతా దాని మీదే పడి మళ్లీ తెగుతుందని డాక్టరు విసుగ్గా అన్నారు. ఆ విసుగు న్యాయమైనదే అనిపించింది.

బయటి లిగమెంటు కాస్త సాగినా, కొంత చిరిగినా బ్రేసు, వ్యాయామాలతో సరిపోతుంది. పూర్తిగా తెగితే రెండు మూడు వారాల్లోపు ఆపరేషన్ మేలు. ఆ గడువు దాటితే తెగిన కొసలు మచ్చకట్టిపోతాయి. తొడ వెనక స్నాయువు తీసి కొత్తగా అల్లాలి. ఊళ్లో కట్టు కట్టించుకుని నెలలు గడిపి వచ్చేవాళ్ల సంగతి ఇదే.

మోకాలికి గట్టి దెబ్బ తగిలితే మొదటి వారంలోనే చూపించుకోండి. పాదం పైకి లేవకపోయినా, చల్లబడినా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.