లద్దాఖ్: నారు పోయిన ఏప్రిల్
ఏడాదిలో నాలుగున్నర నెలలే పంటకాలం ఉన్న చోట ఒక్క రాత్రి మంచు పెరటి తోట లెక్కలన్నీ మార్చేస్తుంది

లేహ్‌లో ఏప్రిల్‌ను వసంతం అనడం క్యాలెండర్‌ మీద గౌరవంతోనే. సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ పట్టణంలో మధ్యాహ్నపు ఎండ చర్మాన్ని మాడుస్తుంది. రాత్రికి ఆరుబయట పెట్టిన బకెట్లో నీళ్లు గడ్డకడతాయి. పాప్లార్‌ చెట్లు ఇంకా మోడులే. పొలాలకూ కొండలకూ ఒకటే దుమ్ము రంగు. పచ్చదనం చూడాలంటే ఇళ్ల పక్కన మట్టి ఇటుకల గోడల నడుమ, పాలిథిన్‌ పైకప్పు కింద ఉన్న గ్రీన్‌హౌస్‌లోకి వంగి దూరాల్సిందే. లోపల అరచేతి వెడల్పు మడుల్లో క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాటా, క్యాప్సికం నారు. ఆ ఇంటి వేసవి ఆదాయం, రాబోయే చలికాలపు కూర అందులోనే ఉన్నాయి.

ఈ గ్రీన్‌హౌస్‌ల నిర్మాణంలో పెద్ద రహస్యమేమీ లేదు. తూర్పు పడమరలుగా పొడవైన గది. ఉత్తరాన మందపాటి గోడ, దానికి లోపలి వైపు నల్లరంగు. దక్షిణం వైపు ఏటవాలుగా పాలిథిన్‌. పగలు సూర్యుడిచ్చిన వేడిని గోడ దాచుకుని రాత్రి తిరిగిస్తుంది. గోడల మధ్య గడ్డి కూరితే చలి మరికాస్త ఆగుతుంది. కరెంటు, హీటరు అక్కర్లేదు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 1962లో లేహ్‌లో నెలకొల్పిన పరిశోధన కేంద్రం నేలలో తవ్విన కందకం మీద పాలిథిన్‌ కప్పే ఇంకా చవకైన పద్ధతిని కూడా రైతులకు పరిచయం చేసింది. అవసరం సరిహద్దులోని జవాన్లకు తాజా కూరలు అందించడం. లాభపడింది మాత్రం గ్రామాలు కూడా.

అయితే నారు పోవడానికి కారణాలకు కొదవలేదు. మధ్యాహ్నం తర్వాత లేచే గాలికి పాతబడిన పాలిథిన్‌ చిరిగితే ఆ రాత్రే పని పూర్తవుతుంది. సాయంత్రం పైన కప్పాల్సిన దుప్పటి కప్పకపోయినా అంతే. చిత్రమేమిటంటే చలికన్నా వేడికి పోయే నారు కూడా తక్కువేం కాదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున తలుపు తెరవడం మరిచి పొలానికి వెళితే, బయట వణికించే చలి ఉన్నా లోపల మొలకలు ఉడికిపోతాయి. నీళ్లు ఎక్కువై గాలి ఆడకపోతే నారుకుళ్లు తెగులు కాండం మొదట్లోనే కొరికేస్తుంది. నిన్న నిటారుగా నిలబడ్డ మొక్కలు తెల్లారేసరికి పడుకుని ఉంటాయి.

మదనపల్లె టమాటా రైతుకు నారు పోతే డబ్బు నష్టం, నాలుగు రోజుల ఆలస్యం. నర్సరీకి వెళ్లి మళ్లీ ట్రేలు తెచ్చుకుంటాడు. లేహ్‌లో పోయేది కాలం. అక్కడ మే మధ్య నుంచి సెప్టెంబర్‌ చివరి దాకానే మొక్కకు బయట బతుకు. ఏప్రిల్‌ చివర్లో నారు చచ్చిందనుకుందాం. వెంటనే మళ్లీ విత్తినా నాటు వేసేది జూన్‌ మధ్యలోనే. త్వరగా కాపుకొచ్చే గోల్డెన్‌ ఏకర్‌ లాంటి క్యాబేజీకి నాటాక రెండు నెలలు దాటితే చాలు. అంటే గడ్డ కట్టే అవకాశం ఉంది. టమాటా కాయ ఎరుపెక్కడం మొదలయ్యేసరికి ఆగస్టు చివరికొస్తుంది. పూర్తి కోత చూడకముందే మంచు కురుస్తుంది. కాబట్టి క్యాబేజీకి రెండో అవకాశం ఇస్తారు, బయటి పొలంలో టమాటా ఆశ వదులుకుంటారు.

ఇక్కడే ఆ ఇంటి ఆడవాళ్ల తెలివి కనిపిస్తుంది. చావగా మిగిలిన నాలుగు టమాటా, క్యాప్సికం మొక్కలను బయటికి తీయరు. నారు వెళ్లిపోయాక ఖాళీ అయ్యే గ్రీన్‌హౌస్‌లోనే దూరదూరంగా నాటి, తలుపులు తెరిచి పెంచుతారు. అమ్మకానికి కాదు, ఇంటికి. క్యాబేజీకి అనుకున్న మడుల్లో నారు అవసరం లేని పంటలు దిగుతాయి: బఠాణీ, క్యారెట్, ముల్లంగి, బంగాళాదుంప, అన్నిటికన్నా ముఖ్యంగా టర్నిప్‌. ఇరుగుపొరుగు ఇళ్లలో మిగిలిన నారు దొరికితే అదృష్టం. కానీ మంచు ఒక్క ఇంటినే ఎంచుకుని రాదు. సింధు నది దిగువన, ఎత్తు తక్కువైన షామ్‌ ప్రాంతపు ఊళ్లలో కాలం కొంచెం ముందు నడుస్తుంది. అక్కడ బార్లీ కోశాక అదే నేలలో టర్నిప్‌ గానీ బక్‌వీట్‌ గానీ రెండో పంటగా వేసుకునే వీలుంది. లేహ్‌కు ఆ వెసులుబాటు లేదు. తూర్పున చాంగ్‌థాంగ్‌ పీఠభూమిలోనైతే ఒక్క పంట చేతికి రావడమే గొప్ప.

టర్నిప్‌ది పాత చుట్టరికం. క్యాబేజీ, బంగాళాదుంప లాంటివి లద్దాఖ్‌కు రావడంలో 1885లో లేహ్‌లో మిషన్‌ నెలకొల్పిన మొరేవియన్‌ క్రైస్తవుల పాత్ర ఉందని చెబుతారు. అంతకు ముందు నుంచీ అక్కడి కుండలో ఉడికింది టర్నిప్, ముల్లంగి. వీటి విత్తనం ఇంట్లోనే కట్టుకుంటారు. హైబ్రిడ్‌ క్యాబేజీ విత్తనం ప్యాకెట్‌లో కొనాలి. కొన్నది గ్రీన్‌హౌస్‌లో చచ్చినప్పుడు అమ్మమ్మ మూటగట్టి దాచిన విత్తనం ఆదుకుంటుంది. రాబడిలో క్యాబేజీతో పోటీపడలేదు గానీ టర్నిప్‌ను గోతిలో పాతిపెట్టి చలికాలమంతా తినొచ్చు, ముక్కలు తరిగి ఎండబెట్టొచ్చు. పిండి ముద్దలతో కలిపి వండే స్క్యూ అనే చిక్కటి పులుసుకు దుంపే ప్రాణం.

ఆలస్యంలో ఒక్క లాభం ఉంది, నీళ్లు. ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వాన పడే ఎడారి అది. సాగంతా కరిగే మంచు మీదే. విత్తే ఏప్రిల్, మే నెలల్లో వాగులు సన్నగా పారతాయి. హిమానీనదాలు బాగా కరిగేది జూన్‌ నుంచి. ఆ కొరతే ఇంజనీర్‌ ఛెవాంగ్‌ నోర్ఫెల్‌ చేత కృత్రిమ హిమానీనదాలు కట్టించింది. 2015లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సోనమ్‌ వాంగ్‌చుక్‌ ఆ ఆలోచననే శంకువు ఆకారపు మంచు స్తూపాలుగా మలిచారు. వసంతంలో మొదటి తడికి పోటీ ఎంతంటే ఊరూరా చుర్పోన్‌ అనే నీటి పెద్ద వంతులు పంచాల్సిందే. నారు పోయి జూన్‌లో నాటేవారికి ఆ పోటీ కాస్త తగ్గుతుంది. అది ఓదార్పే తప్ప నష్టపరిహారం కాదు.

నష్టం కనిపించేది లేహ్‌ మెయిన్‌ బజార్‌లో. కాలిబాట పక్కన వరుసగా కూర్చుని కూరలమ్మే ఆడవాళ్లను అందరూ ఆమా-లే అని పిలుస్తారు. అంటే అమ్మగారు. వారి ముందు పరిచిన గుడ్డ మీద జూన్‌లో పాలకూర, ముల్లంగి, ఆ తర్వాత బఠాణీ, కాలీఫ్లవర్‌ వస్తాయి. పర్యాటకుల రద్దీ జులై, ఆగస్టుల్లో. ఆ రెండు నెలల్లో హోటళ్లకు కాలీఫ్లవర్‌ ఇవ్వలేని వారు సెప్టెంబర్‌లో ఇస్తే ధర వేరు. సహకార సంఘాల ద్వారా కూరలు కొనే సైన్యం ఉండబట్టి ఆలస్యపు పంటకూ ఓ గిరాకీ దొరుకుతుంది. మరోపక్క జోజిలా కనుమ మూతబడి ఉండే కాలం ఇటీవల బాగా తగ్గింది. మునుపటికన్నా ముందే లారీల్లో శ్రీనగర్‌ కూరలు దిగుతున్నాయి. తినేవారికి మేలే. కానీ నారు పోగొట్టుకున్న ఇంటి స్థానం ఖాళీగా ఎదురుచూడదు. రోడ్డు బాగుపడిన ప్రతిసారీ పెరటి రైతుకు పొరపాటు చేసే వెసులుబాటు కొంత తగ్గుతోందన్న సంగతి ప్రారంభోత్సవాల్లో ఎవరూ చెప్పరు.

సెప్టెంబర్‌ మూడో వారానికి లెక్క తేలిపోతుంది. గడ్డకట్టిన క్యాబేజీ ఇంట్లోకి, కట్టనిది పశువులకు. పండని టమాటాలు కిటికీ పక్కకు. అప్పటికి గ్రీన్‌హౌస్‌ నేలలో ఇంటి పొడి మరుగుదొడ్డి నుంచి తీసిన మాగిన ఎరువు కలిపి, పాలకూర, కొత్తిమీర విత్తనాలు చల్లేస్తారు. వేసవిలో జారిపోయిన రోజులను చలికాలం వైపు నుంచి రాబట్టుకునే ప్రయత్నమది. తొలి మంచు పడేలోగా పాలిథిన్‌కు అతుకు వేయాలి. కొత్తది కొనాలంటే క్యాబేజీ డబ్బులు కావాలి.