చెట్టు ఊరిది, కాలిబాట ఆవిడది

"అక్కా, హంటింగ్ పార్క్ చూడాలంటే జూలైలో రా. చలికాలంలో వస్తే వీళ్ల గోడు నీకర్థం కాదు" అంది ఆ పేటలో నర్సుగా పనిచేసే మా పిన్ని కూతురు.

అమెరికాలో ఉత్తర ఫిలడెల్ఫియాలోని పేట అది. గోడకు గోడ ఆనుకున్న వరస ఇళ్లు, తారు పూసిన నల్లటి కప్పులు, గుమ్మం దిగితే సిమెంటు. ఊళ్లో చల్లని పేటలకన్నా ఇలాంటిచోట వేడి 22 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా ఎక్కువని నగరపాలక సంస్థే చెప్పింది. 2019లో పేటవాళ్లను కూర్చోబెట్టుకునే ఈ పేటకు వేసవి ప్రణాళిక రాసింది.

ఆ ప్రణాళిక కాగితం పక్కనపెట్టి బ్లాక్ కెప్టెన్ వెంట నడిచాను. వీధివాళ్లే ఎంచుకునే, జీతంలేని బాధ్యత అది. 1993 వడగాడ్పులకు ఈ నగరంలో 118 మంది పోయారు; చాలామంది తలుపులేసుకున్న ఇళ్లలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు. ఎండ ముదిరితే తలుపు తట్టే పని ఆ తర్వాత ఈ కెప్టెన్లకూ అప్పగించారు.

నేను వెంట నడిచిన ఆవిడకు డెబ్బై ఉంటాయి. తాళాలగుత్తితో ఇనుపతలుపు మీద కొడుతుంది, కర్టెన్ కదిలేదాకా కదలదు. మూడో ఇంట్లో ముసలాయన ముంజేతి చర్మం రెండువేళ్లతో పైకి లాగి వదిలింది. మడత వెంటనే పోలేదు. ఆయన గ్లాసుడు నీళ్లు పూర్తిగా తాగేదాకా గుమ్మంలోనే నిలబడింది. ఏ యంత్రం చేస్తుంది ఈ పని?

"మీ ఇంటిముందు చెట్టు లేదేం?" అని మా చెల్లెలు అడిగింది. ఆవిడ స్వరం పెరిగింది. "నగరంవాళ్లు ఊరికే నాటుతామంటారు. పదేళ్లకు వేరు లేచి కాలిబాట పగిలితే బాగుచేయించాల్సింది నేను. నా పెన్షన్‌లోంచి!"

ఆవిడ లెక్క సరైనదే. ఇక్కడ కాలిబాట మరమ్మతు ఇంటి యజమాని నెత్తినే. అసలు ఇలాంటి పేటల్లో ఇంత వేడి ఎక్కణ్ణుంచి వచ్చింది? అమెరికాలో 1930లలో పటం మీద ఎర్రరంగు పూసి ఇంటి అప్పులు ఆపేసిన పేటలు మిగతావాటికన్నా సగటున 2.6 సెల్సియస్ డిగ్రీలు వేడిగా ఉన్నాయని 108 నగరాల మీద 2020లో వచ్చిన అధ్యయనం తేల్చింది. నీడ లేకుండా చేసినవాళ్లు ఒకరు, నీడకు బిల్లు కట్టేది ఇంకొకరా? నాకు ఒళ్లు మండింది.

వేడి తగ్గించే ప్రయత్నాలు మన దగ్గరా ఉన్నాయి. హైదరాబాద్‌లో 2017లో దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల కప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచారు, లోపల వేడి తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానమే తెచ్చింది. సంతోషం. కానీ దుమ్ము పడితే ఆ తెలుపు అంత బాగా పనిచేయదు. ఏటా కడిగేదెవరు?

వేసవి ప్రణాళికలు రాసే మన అధికారులకు ఒక్క మనవి: మొక్కకు, రంగుకు డబ్బు రాసే పద్దులోనే నీళ్లకు, కాలిబాటకు, తలుపు తట్టే మనిషికి కూడా రాయండి.