గుర్రాల కొట్టానికి పాత ట్రాక్టర్

టెక్సాస్‌లో ఐదెకరాల చెక్క, రెండు గుర్రాలు ఉన్నవాళ్లు పాత ట్రాక్టర్ కొనేటప్పుడు ముందు హార్స్‌పవర్ అడుగుతారు. నేనైతే లద్దె గురించి ఆలోచిస్తాను. 450 కిలోల గుర్రం రోజూ వేసే లద్దె, మూత్రం కలిపితే 20 కిలోలు దాటుతాయి. మన దగ్గర ట్రాక్టరంటే దుక్కి. ఇక్కడ దాని పని ముఖ్యంగా ఎత్తడం, మోయడం. అందుకు పాతిక హార్స్‌పవర్ చాలు. ఎండుగడ్డి పెద్ద చుట్టలు మోయాలంటే మాత్రం లెక్క మారుతుంది. ఒక్కో చుట్ట 400 కిలోలు దాటొచ్చు. ఇంజనుకు బలమున్నా ముందుండే లోడర్ ఎత్తలేకపోవచ్చు. వెనక బరువు కట్టకపోతే వెనక చక్రాలే లేస్తాయి.

బండిని ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి చూడాలి. అవర్ మీటర్ అంకె కంటే అరిగిన పెడల్‌ను నమ్ముతాను. హైడ్రాలిక్ ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే.

జపాన్ పొలాల్లో పనిచేసి అమెరికా చేరిన చిన్న ట్రాక్టర్లు చవకగా దొరుకుతాయి. ఇంజన్లు మంచివే. కానీ చాలావాటికి బోల్తా పడితే కాపాడే చట్రం ఉండదు, విడిభాగాల కోసం వెతుక్కోవాలి. చట్రం, సీటు బెల్టు లేని బండిని ఎంత చవకైనా నేనెవరికీ కొనమని చెప్పను. ఏటవాలు పచ్చికలో ప్రాణం నిలిపేవి అవే.

ట్రాక్టర్‌కు తగిలించిన యంత్రానికి ఇంజను శక్తి అందించే పీటీవో షాఫ్ట్ తొడుగు కూడా చూడాలి. నిమిషానికి 540 చుట్లు తిరిగే ఆ కడ్డీకి వదులు చొక్కా అంచు చిక్కితే మనిషినే లాగేస్తుంది. తొడుగు పగిలివుంటే కొత్తది బిగించాకే పచ్చిక కోసే యంత్రం తగిలించాలి.