ఆది జాకెట్టు

జాకెట్టు కుట్టించుకునేవాళ్లు గుడ్డతోపాటు ఒక పాత జాకెట్టు తెస్తారు. దాన్ని ఆది అంటాం. టేపు పెట్టించుకోవడానికి సిగ్గుపడేవాళ్లు, ఆగే తీరిక లేనివాళ్లు దాన్ని మిషను మీద పెట్టి "ఇట్లనే కుట్టక్కా" అని వెళ్లిపోతారు. కొత్వాల్‌గూడలో ఇరవై ఏళ్లకు పైగా మిషను తొక్కుతున్నాను. ఆది పాతదైతే జాకెట్టు తప్పుతుంది. మనిషి మారుతుంది, ఆది మారదు. ఈ ముక్క నేను ఎందరికో చెప్పాను. నాకు నేను చెప్పుకోవడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది.

2022లో నా కుడి రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, పదహారు కీమోలు, పదిహేను రోజుల రేడియేషన్. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పను. అప్పుడు నన్ను నడిపించేవాళ్లు ఉన్నారు, నేను నడిచాను. చివరి రేడియేషన్ రోజు ఇంట్లో పులిహోర చేశారు. మా అత్తమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "గండం గడిచింది బిడ్డా, ఇగ మునుపటి లెక్క అయితవు" అన్నది. ప్రేమతోనే అన్నది. నేను ఆ 'మునుపటి లెక్క'నే ఆదిగా పెట్టుకుని కూర్చున్నాను.

ఆస్పత్రికి తిరిగినన్నాళ్లు ప్రతి వారానికీ ఒక తేదీ ఉండేది, నాడి చూసేవాళ్లు ఉండేవాళ్లు. అయిపోయాక "మూడు నెలలకు రండి" అన్నారు. ఆ మూడు నెలలు నాకు చికిత్స కంటే కష్టమయ్యాయి. నడుము నొస్తే ఎముకలకు పాకిందేమో అనిపించేది. దగ్గు వస్తే ఊపిరితిత్తులు గుర్తొచ్చేవి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు మాకు దగ్గరే. రాత్రంతా విమానాల మోత వింటూ పడుకునేదాన్ని. పగలు వచ్చినవాళ్లంతా "అంతా అయిపోయింది కదా" అనేవాళ్లు. అయిపోలేదని చెబితే అపశకునం మాట్లాడినట్టు చూస్తారని నవ్వి ఊరుకునేదాన్ని.

వేళ్ల సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. వారం వారం ఎక్కించిన కీమో మందుకు వేళ్ల కొసలు మొద్దుబారాయి. ఒక రోజు పెళ్లివాళ్ల మీగడ రంగు పట్టుజాకెట్టుకు హెమ్మింగ్ చేస్తున్నాను. గుడ్డ మీద ఆవగింజంత ఎర్రచుక్క కనబడింది. ఎక్కడిదా అని చూస్తే నా వేలిది. సూది దిగింది, నాకు తెలియలేదు. చుక్క కనబడింది కానీ నొప్పి రాలేదు. ఆ రోజు మిషను మీద గుడ్డ కప్పేసి వారం దాకా దాని జోలికి పోలేదు.

తర్వాత చెయ్యి వాచింది. చంకలో లింఫ్ గ్రంథులు తీసేసినవాళ్లకు చేతిలోని లింఫ్ నీరు పోయే దారి తగ్గి, కొందరికి చెయ్యి బరువెక్కుతుంది. గాజులు ఎక్కకపోతే ఎడమ చేతికే వేసుకుని తిరిగాను. మావాళ్లేమో బిందె ఎత్తనివ్వరు, గడప దాటనివ్వరు, "రెస్ట్ తీసుకో" అంటారు. సొంత ఇంట్లో చుట్టంలా అయిపోయాను.

ఒక చెకప్‌కు పోయినప్పుడు డాక్టరమ్మ గాజులు లేని చెయ్యి చూసి ఆగింది. దాచినందుకు కోప్పడకుండా ఫిజియోథెరపీకి పంపింది. అక్కడ నేర్పిన కసరత్తు చాలా చిన్నది. గోడకు ఎదురుగా నిలబడి, చీమ పాకినట్టు వేళ్లతో గోడ మీద పైకి పాకాలి. ఎక్కడ ఆగితే అక్కడ గీత గీయాలి. కొలతలు గీసే సుద్దతోనే గీశాను. మొదటి గీత భుజం దాకా కూడా లేదు. రోజుకు పదిసార్లు పాకినా మరుసటి వారం గీత వేలెడు పైకి మాత్రమే పోయింది. ఒక్కోవారం కిందికే దిగింది. కిందికి దిగిన గీతలను కూడా చెరపలేదు.

ఆ రోజుల్లోనే ఒకామె ఇద్దరు పిల్లలు పుట్టక ముందటి ఆది తెచ్చింది. "ఇది పక్కన పెట్టమ్మా, నిలబడు, కొలుస్తా" అన్నాను. ఆమె వెళ్లాక ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. తలుపు గడియపెట్టి, అద్దం ముందు నిలబడి, ఆపరేషన్ తర్వాత మొదటిసారి నా ఒంటికి నేను టేపు పెట్టుకున్నాను. రొమ్ముఎముక నుంచి చంక దాకా గీతలా మచ్చ. ఎడమవైపు ముందుభాగం ఒక కొలత, కుడివైపు ఇంకో కొలత. చేతి లూజు కుడివైపు అంగుళంన్నర ఎక్కువ. గిరాకీల పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన నా పేరు రాసి, అన్నీ రాసుకున్నాను. ఏడ్చాను కూడా. తర్వాత రెండు ముందుభాగాలూ వేర్వేరుగా కత్తిరించి, కుడివైపు లోపల జేబు కుట్టి, దూది మెత్త పెట్టాను. మెత్త పైకి జరగకుండా అడుగున కొంచెం బరువు పెట్టాను. ఏడాదిన్నర తర్వాత నాకు సరిపోయిన మొదటి జాకెట్టు అదే.

నర్సింగ్ చదివే మా అమ్మాయి తర్వాత ఒక సంగతి చెప్పింది. ఫిట్జ్‌హ్యూ ములన్ అని అమెరికాలో ఒక డాక్టరు. ముప్పై రెండేళ్లకే క్యాన్సర్ వచ్చి బతికాడు. వచ్చింది, తగ్గింది అన్న రెండు మాటలు చాలవని, చికిత్స తర్వాతి కాలానికి దాని భయాలు, దాని అవసరాలు వేరే ఉంటాయని, బతకడంలోనూ ఋతువులుంటాయని 1985లోనే రాశాడట. నా రాత్రుల గురించి ఎక్కడో ఒకరు రాసిపెట్టారని విన్నాక కొంత ఊపిరాడింది.

మన దగ్గరా దాచకుండా చెప్పినవాళ్లు ఉన్నారు. నటి గౌతమికి ముప్పై అయిదేళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. బతికి, ఇతర రోగుల కోసం సంస్థ పెట్టింది. హంసానందిని 2021 డిసెంబరులో గుండుతో ఉన్న ఫొటో పెట్టి తన జబ్బు సంగతి లోకానికి చెప్పింది. ఆమెకూ పదహారు కీమోలే. మరుసటి ఏడాది చివర షూటింగుకు వెళ్లింది. సినిమావాళ్ల సౌకర్యాలు మనకు లేవు, నిజమే. అయినా వాళ్లు నోరు తెరిచినందుకే నేను మా వీధిలో నోరు తెరవగలిగాను.

ఇప్పుడు పొద్దున్నే హిమాయత్‌సాగర్ వైపు నడుస్తాను. 1927లో కట్టిన చెరువు, వానాకాలం గేట్లు ఎత్తితే చూడాలి. నడక సరదా కోసం మాత్రమే కాదు. 2025లో ఒక పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయిన 889 మందిలో, మూడేళ్లు పద్ధతిగా వ్యాయామం చేయించినవాళ్లలో ఎనిమిదేళ్ల తర్వాత నూటికి 90 మంది బతికి ఉన్నారు. సలహాల పుస్తకం మాత్రమే ఇచ్చినవాళ్లలో 83 మంది. నాది ఆ క్యాన్సర్ కాదు. అయినా "కదలకు బిడ్డా" అనేవాళ్లకు నేను ఈ లెక్కే చెబుతాను.

రోజుకు అయిదు జాకెట్లు కుట్టిన చేతులు ఇప్పుడు రెండు కుడతాయి. వేలికి అంగుస్తానా లేకుండా సూది పట్టను. పెళ్లిళ్ల సీజనులో గిరాకీ తిప్పి పంపుతుంటే మనసు నొస్తుంది, పంపుతాను. రోజూ రాత్రి టమాక్సిఫెన్ బిళ్ల, నడిరాత్రి ఒంట్లో సెగ. చెకప్‌కు ముందు వారం భయం ఇప్పటికీ వస్తుంది. వచ్చిందని ఇంట్లో చెబుతాను.

మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి రెడ్‌హిల్స్‌లోని ఎమ్‌ఎన్‌జే ఆస్పత్రికి వెళ్లివచ్చేవాళ్లు ఉన్నారు. 1955 నుంచి పేదలకు అదే పెద్ద దిక్కు. ఆపరేషన్ అయిన ముగ్గురు ఆడవాళ్లకు లోపల జేబున్న జాకెట్లు కుట్టాను. ముగ్గురూ పాత ఆదే తెచ్చారు. తలుపేసి, కొత్తగా కొలిచాను.

మీ ఇంట్లో చికిత్స ముగిసి వచ్చినవాళ్లు ఉంటే, మునుపటిలా అయ్యావా అని అడగకండి. చెయ్యి ఎట్లుంది, వేళ్లకు స్పర్శ ఉందా, రాత్రి నిద్ర పడుతోందా అని అడగండి. అడిగి, వాళ్లు చెప్పడం అయ్యేదాకా కూర్చోండి.