బుగ్గన పెట్టుకున్న ముద్ద

గొంతుకు ముద్ద పూర్తిగా అడ్డం పడిన పిల్ల ఏడవదు. దగ్గదు కూడా. గాలి ఆడితే కదా గొంతు పలికేది. అంగన్‌వాడీ టీచరుగా పదకొండేళ్ళు పనిచేశాక గానీ ఈ సంగతి నాకు తెలిసిరాలేదు. తెలిసిన ఆ రోజు గుర్తొస్తే ఇవాళ్టికీ నా కుడిచెయ్యి వణుకుతుంది. ఆ ముద్ద పెట్టింది ఈ చెయ్యే.

కోనసీమలో, పంటకాలువ గట్టున, రెండు గదుల కేంద్రం మాది. 2013 ఫిబ్రవరి. పద్దెనిమిది మంది పిల్లలు, నేను, ఆయమ్మ. అది గుడ్డు పెట్టే రోజు. మధ్యాహ్నం దాటాక సూపర్‌వైజర్ గారు వస్తారని పొద్దున్నే కబురొచ్చింది. రిజిస్టర్లు సరిచూసుకోవాలి, గది ఊడవాలి, పిల్లల్ని పడుకోబెట్టాలి. అందరూ తినేసి చేతులు కడుక్కున్నారు. ఒక్క పాప మాత్రం గోడవారన కంచం ముందు కూర్చునే ఉంది.

మూడేళ్ళ రెండు నెలల పిల్ల. ఆ నెల తూకంలో పది కిలోల ఆరు వందల గ్రాములు వచ్చింది. ఎదుగుదల చార్టులో చుక్క ఆకుపచ్చ పట్టీ నుంచి పసుపులోకి జారి అప్పటికి రెండు నెలలు. ఆ చుక్క పెట్టినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది. అందుకే ఆ పిల్లకు గుడ్డు పూర్తిగా తినిపించి తీరాలని పట్టుబట్టాను. నా ఎదురుగానే తినాలి, ఇంటికి పట్టుకెళ్ళకూడదు, కుక్కకు పడేయకూడదు. ఇందులో నాకెక్కడా తప్పు కనబడలేదు.

పాప నోట్లో ముద్ద పెట్టుకుని మింగకుండా బుగ్గన దాచుకుంది. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. "మింగు తల్లీ, మింగు" అన్నాను. మింగలేదు. అది మింగకముందే పచ్చసొన సగం చిదిపి మళ్ళీ నోట్లో పెట్టాను. తల అటు తిప్పుకుంది. గడ్డం పట్టుకుని ఇటు తిప్పాను. మెల్లగానే తిప్పాను, కొట్టలేదు, కసరలేదు. ఈ మాట ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో లెక్కలేదు.

ఉన్నట్టుండి పాప నోరు తెరిచింది. శబ్దం రాలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. పొలమారిందనుకున్నాను. పొలమారితే మనమంతా ఏం చేస్తామో అదే చేశాను. నడినెత్తిన తడుతూ, "అమ్మ తలుచుకుంటోందిలే, ఏం కాదు" అన్నాను. వాళ్ళమ్మ కువైట్ వెళ్ళి అప్పటికి మూడు వారాలు. మంచినీళ్ళ గ్లాసు పెదాలకు ఆనించాను. నీళ్ళు అటూ ఇటూ కారిపోయాయి. వేలు నోట్లో పెట్టి తియ్యబోయాను. పెదాలు నల్లబడుతున్నాయి.

"నీళ్ళొద్దండి టీచరుగారూ!" అంటూ ఆయమ్మ పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చింది. నా చేతుల్లోంచి పిల్లను లాక్కుని, కింద కూర్చుని, తొడమీద బోర్లా వేసుకుంది. తల కిందికి వాలేట్టు పట్టుకుని, అరచేతి మడమతో రెండు రెక్కల ఎముకల మధ్యన కొట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగో దెబ్బకు పచ్చని ముద్ద చాపమీద పడింది. అప్పుడు ఏడ్చింది పాప. ఆయమ్మా ఏడ్చింది. నేను మాత్రం ఆ ముద్దను చూస్తూ నిలబడిపోయాను. ఉసిరికాయంత కూడా లేదు.

పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరుగారు ఊపిరితిత్తులు విని, ఏమీ మిగల్లేదన్నారు. సాయంత్రం రిజిస్టరులో ఎప్పటిలాగే రాశాను. హాజరు పద్దెనిమిది, గుడ్లు పద్దెనిమిది. ఎవరెంత తిన్నారో, ఎలా తిన్నారో రాయడానికి అందులో గడి లేదు. ఉన్నా ఏమని రాసేదాన్ని?

ఆ రాత్రి మొదలైన ప్రశ్న చాలాకాలం నన్ను వదల్లేదు. నేను చేసింది తప్పేనా? అప్పటి నిబంధన ప్రకారం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లకు కేంద్రంలో రోజుకు 500 కేలరీల శక్తి, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాల్సి ఉండేది. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంటే అందాల్సినదాంట్లో దాదాపు సగం ఆ ఒక్క గుడ్డులోనే ఉంది. బరువు తగ్గుతున్న పిల్ల కంచంలో ఆ సగం మిగిలిపోతుంటే చూస్తూ ఊరుకోవడం మంచితనమా? "ఆకలేస్తే అదే తింటుందిలే" అనే మాట కడుపు నిండిన ఇంట్లో చెల్లుతుందేమో. బరువు తగ్గిన పిల్లలకు ఆకలి కూడా మందగిస్తుంది. వాళ్ళు అడగరు. అడగని పిల్లను అడగలేదని వదిలేస్తే చార్టులో చుక్క ఇంకా కిందికి పోతుంది. ఇలా ఒక పక్క నన్ను నేను సమర్థించుకునేదాన్ని. మరో పక్క ఆ ఉబ్బిన ఎడమ బుగ్గ కళ్ళముందుకొచ్చేది. ఆ బుగ్గ నాతో ఏదో చెప్పింది. నేను వినలేదు.

రెండు రోజుల తర్వాత పాప వాళ్ళింటికి వెళ్ళాను. జరిగింది దాచకుండా చెప్పాను. పాప అమ్మమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ పిల్లను ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఉత్త పచ్చసొన దీనికి దిగదండి. వాళ్ళమ్మ చారన్నంలో మెత్తగా కలిపి పెట్టేదండి. బుగ్గన పెట్టుకుందంటే దిగట్లేదనండి. అప్పుడు ఆగాలండి" అంది.

"ఈ మాట ముందే చెప్పలేకపోయారా అమ్మమ్మగారూ?"

"మీరు అడగలేదండి. నేను చెప్పలేదండి."

నిష్ఠూరం లేదు ఆ మాటలో. ఉన్నదున్నట్టు చెప్పింది. కానీ దారిపొడుగునా అదే చెవిలో మోగింది. ఆ పిల్ల బరువు గ్రాములతో సహా నాకు తెలుసు. ఎత్తు తెలుసు, దండచేతి చుట్టుకొలత తెలుసు, ఏ టీకా ఎప్పుడు వేశారో తెలుసు. ఎలా తింటుందో తెలియదు. తల్లి వెళ్ళిపోయిందని తెలుసు. తల్లితోపాటు ఆ పిల్ల తినే తీరు కూడా వెళ్ళిపోయిందని తట్టలేదు. పసుపులోకి జారిన ఆ చుక్కకు కారణం కంచంలో వెతికాను గానీ ఇంట్లో వెతకలేదు. దూరదేశం వెళ్ళే ముందు తల్లి మెల్లమెల్లగా పిల్లను అమ్మమ్మకు అలవాటు చేసిన ఆ రెండు నెలలూ, నా చార్టులో చుక్క జారిన రెండు నెలలూ దాదాపు ఒకటేనని ఆ రోజే లెక్కకొచ్చింది.

మన భాషలో గోరుముద్ద అనే మాట ఉంది. వేళ్ళ కొసలకు అందేంత ముద్ద. అన్నం మెత్తగా పిసికి, నెయ్యి వేసి, చందమామను చూపిస్తూ, పిల్ల నోరు తెరిచేదాకా ఆగి పెట్టేది. నేను దాన్ని ముద్దు మాటగానే విన్నాను ఇన్నేళ్ళూ. అందులో ఎంత జాగ్రత్త ఉందో ఆ తర్వాత గానీ ఆలోచించలేదు. ముద్ద చిన్నది, మెత్తనిది, తడిగా ఉన్నది. పిల్ల ఒకచోట కుదురుగా ఉంది. పెట్టేవారి కళ్ళు పిల్ల ముఖం మీదే ఉన్నాయి. తొందర లేదు. రెండేళ్ళలోపు పిల్లలకు తిండి ఎలా పెట్టాలో చెబుతూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో సూత్రాలు వెలువరించింది. ఓపికగా, నిదానంగా పెట్టండి, ప్రోత్సహించండి, బలవంతపెట్టకండి, కళ్ళల్లోకి చూస్తూ మాట్లాడుతూ పెట్టండి అన్నది వాటిలో ఉంది. ఒక శిక్షణ తరగతిలో ఆ సంగతి వింటూంటే నాకు అమ్మమ్మగారి మాటే గుర్తొచ్చింది. బతిమాలి పెట్టడానికీ బలవంతాన పెట్టడానికీ మధ్య ఉన్న తేడా ముద్దలో లేదు, ఆగడంలో ఉంది. బతిమాలేవారు పిల్ల నోరు తెరిచేదాకా ఆగుతారు.

మా సంగతి జరిగిన అయిదు నెలలకు, 2013 జూలై 16న, బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటలో పురుగుమందు కలిసింది. మోనోక్రోటోఫాస్ అని పరీక్షల్లో తేలింది. నూనె తేడాగా ఉందని వండినామె అన్నదనీ, కూర రుచి బాగాలేదని పిల్లలు చెప్పారనీ అప్పట్లో పత్రికల్లో చదివాను. ఆ ఘోరంతో నా అనుభవాన్ని పోల్చుకునే సాహసం చెయ్యను. కానీ ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. పిల్ల వద్దన్నప్పుడు పెద్దవాళ్ళం దాన్ని మారాం అంటాం. ఎన్నోసార్లు అది మారామే కావచ్చు. ఏది మారామో, ఏది కాదో తెలుసుకునేందుకు మనం ఎంతసేపు ఆగుతున్నాం?

కేంద్రంలో పెద్ద మార్పులేమీ తేలేదు, తెచ్చే అధికారమూ నాకు లేదు. గుడ్డు ఉడికాక పచ్చసొన విడిగా తీసి, చిన్నపిల్లలకు పప్పులోనో చారులోనో చిదిపి కలపడం మొదలుపెట్టాం. తెల్లసొన సన్నని ముక్కలు చేసేవాళ్ళం. వండింది మొదట నేను, ఆయమ్మ రుచి చూశాకే పిల్లలకు వడ్డించేవాళ్ళం. గట్టి శనగలు, వేరుశనగ గింజలు గింజల్లా ఇవ్వడం మానేశాం. శనగలు బాగా ఉడికించి మెదిపి, వేరుశనగలు వేయించి బెల్లంతో కలిపి మెత్తగా దంచి పెట్టేవాళ్ళం. మూడేళ్ళకు పాలపళ్ళు ఇరవై వచ్చేస్తాయి గానీ, గట్టి గింజను నలగ్గొట్టి నిదానంగా మింగే నేర్పు ఇంకా రాదు. పసిపిల్లల ఊపిరి గొట్టాల్లోంచి డాక్టర్లు తీసేవాటిలో వేరుశనగ పలుకు తరచుగా ఉంటుందని తర్వాత తెలిసింది. ఎవరైనా ద్రాక్షపళ్ళు తెస్తే నిలువునా నాలుగు చీలికలు చేసేవాళ్ళం. అడ్డంగా కోస్తే ఆ గుండ్రటి ముక్క గొంతుకు బిరడాలా సరిపోతుంది. నోట్లో ముద్దతో పరుగు లేదు, పకపకలు లేవు. భోజనానికి అరగంట అని రాసుకున్న చోట ముప్పావుగంట అని రాశాను. ఆ పావుగంట ఎక్కడినుంచి వచ్చిందంటే, నేను రిజిస్టర్లు రాసుకునే వేళలోంచి వచ్చింది.

ఆయమ్మకు ఆ కొట్టడం ఎలా తెలుసని అడిగాను. ఎప్పుడో ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సమ్మ ఒక పిల్లాడికి అలా చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూసిందట. అంతే. ఆ రోజు ఆవిడ గుమ్మంలో నిలబడకపోతే? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే నేర్చుకున్నదాన్ని ఇక్కడ చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. పిల్ల గట్టిగా దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వాలి, ఆ దగ్గే ముద్దను బయటికి తోస్తుంది. దగ్గు, ఏడుపు, మాట ఆగిపోయాయంటే ఇక క్షణం ఆలస్యం చేయకూడదు. ముందుకు వంచి, రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు. బయటికి రాకపోతే ఏడాది దాటిన పిల్లకు వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలితో లోపలికీ పైకీ అయిదు ఒత్తులు. ఏడాదిలోపు చంటిబిడ్డకు పొట్ట ఒత్తకూడదు, వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య అయిదు ఒత్తులు. పిల్లకు స్పృహ ఉన్నంతవరకు, ముద్ద వచ్చేదాకా ఒకదాని తర్వాత ఒకటి చేస్తూనే ఉండాలి, ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. నీళ్ళు పొయ్యకూడదు. కనబడని ముద్ద కోసం వేలు పెట్టి కెలకకూడదు, అది ఇంకా లోపలికి పోతుంది. నేను ఈ రెండూ చేశాను. చదివినది చేతికి వెంటనే రాదు. ఆసుపత్రిలో తెలిసినవారి దగ్గర ఒక్కసారి చేసి చూసుకుంటే మంచిది.

ఆ పాప మళ్ళీ నా చేతి ముద్ద తినడానికి పదిరోజులు పట్టింది. మొదటి రోజుల్లో ఆయమ్మ దగ్గరే తినేది. నేను పక్కన కూర్చుని నా కంచంలో నేను తినేదాన్ని. పదకొండో రోజున నా కంచంలోని చారన్నం వైపు చూసి నోరు తెరిచింది. చాలా చిన్న ముద్ద పెట్టాను. నమిలింది. మింగింది. నోరు మళ్ళీ తెరిచి చూపించింది, ఖాళీ అని. ఏప్రిల్ తూకంలో చుక్క పసుపులోనే ఉంది. ఆగస్టులో ఆకుపచ్చలోకి వచ్చింది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నేను రిటైరయ్యాను. ఇది చదివేవారిలో పిల్లల్ని అంగన్‌వాడీలోనో ప్లేస్కూల్లోనో దింపి పనికి వెళ్ళే తల్లులు, తండ్రులు, అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటారు. మా చేతుల్లో పద్దెనిమిది కంచాలుంటాయి. మేము అడగడం మర్చిపోవచ్చు. రేపు పిల్లను దింపేటప్పుడు గుమ్మంలో ఒక్క నిమిషం ఆగండి. మీ బిడ్డ ఏది ఎలా తింటుందో, ఏది గొంతు దిగదో, ఏది పడదో, వద్దనుకున్నప్పుడు ఏం చేస్తుందో టీచరుకూ ఆయమ్మకూ చెప్పండి. అడగలేదని ఊరుకోకండి.