కోడంబాక్కంలో దుంపల మాంసపు పులుసు

కోడంబాక్కమనగానే ఆంధ్రదేశములోని మన బంధువులకు సినిమా స్టూడియోలే జ్ఞాపకము వచ్చును. అది సహజమే. కోడంబాక్కము, వడపళని, సాలిగ్రామము కలిసిన ఈ ప్రాంతములోనే వాహినీ, విజయా, ఏ.వి.ఎం., భరణీ స్టూడియోలు వెలసినవి. మన పిల్లల 'చందమామ' చిరకాలము ఆర్కాటు రోడ్డు మీది కార్యాలయము నుండియే వెలువడినది. 1957లో ఇక్కడ తయారైన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు ఆరగించిన విందు చూడని తెలుగువాడు ఉండడు. ఆ విందులో గారెలు, బూరెలు, లడ్డూలు కలవు గాని మాంసపు ముక్క ఒక్కటియు లేదు. రాక్షసునికే లేని భాగ్యము కోడంబాక్కపు తెలుగు గృహస్థులలో పలువురకు ఆదివారమాదివారము లభించుచున్నది!

1970ల నుండి తెలుగు చిత్రములు క్రమముగా హైదరాబాదుకు తరలిపోయినవి. విజయా వారి స్థలములో 2013లో పెద్ద మాల్ వెలసినది. 2015 నుండి వడపళనిలో మెట్రో రైలు ఆగుచున్నది. స్టూడియోల వెంట వచ్చినవారిలో కొందరు వెళ్లిపోయిరి, కొందరము నిలిచిపోతిమి. నిలిచినవారి వంటయింటి సంగతి ఒకటి ఈ నెల మన పాఠకులకు మనవి చేయుచున్నాను.

మా తాతగారు నెల్లూరు ప్రాంతము నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిరి. వారితో వచ్చిన వంటకము దుంపలు వేసిన మాంసపు పులుసు. ఆ దినములలో ఊరినుండి ఎవరో ఒకరు స్టూడియోలో పని వెతుకుకొనుచు వచ్చి, భోజనము వేళకు మా అరుగు మీద కూర్చుండెడివారట. వండినది ముప్పాతిక కిలో మాంసము, తినువారు పదిమంది. అందుచేత మా నాయనమ్మ దుంపలు ఎక్కువ వేసెడిది. ముక్క రానివానికి దుంప వచ్చును. దుంపకు పట్టిన రసము ముక్క రుచికి తీసిపోదు.

ఈ దుంపల పేర్లే ఒక కథ. నెల్లూరువారమైన మేము 'ఉర్లగడ్డ' అందుము. కోస్తా చుట్టములు 'బంగాళాదుంప' అందురు. తెలంగాణా నుండి వచ్చిన మా మేనత్తగారి కోడలు 'ఆలుగడ్డ' అనును. బజారులో అమ్మునది 'ఉరుళైక్కిళంగు'. నాలుగు పేర్లకు దుంప ఒక్కటే. చేమ, కంద మనకు తాతముత్తాతలనాటివి గాని, ఈ ఉర్లగడ్డ దక్షిణ అమెరికాలో పుట్టి, ఓడలెక్కి మన దేశము చేరినది. అదియు మావలెనే వలస వచ్చి నిలిచిపోయినది!

ఇక వండు విధము. ముప్పాతిక కిలో వేటమాంసము కొనునప్పుడు తొడ కొంత, ప్రక్కటెముకలు కొన్ని, మూలుగ యెముకలు రెండు అడిగి తీసుకొనవలెను. దానికి ముల్లంగి పావుకిలో, చేమదుంపలు పావుకిలో, ఉర్లగడ్డలు రెండు పెద్దవి. కళాయి పూసిన ఇత్తడి తపేలాలో నూనె కాగిన పిమ్మట చెక్క, లవంగాలు, ఏలకులు వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు మూడు ఎఱ్ఱగా వేయింపవలెను. అల్లము వెల్లుల్లి ముద్ద, పసుపు, మాంసము వేసి నీరు ఇగురువరకు కలియబెట్టవలెను. కారము, ధనియాల పొడి, ఉప్పు వేసి, మునుగునంత వేడినీళ్లు పోసి, మూతపెట్టి మంట తగ్గింపవలెను. పులుసు కుతకుత ఉడుకరాదు. అంచున ఒక్కొక్క బుడగ వచ్చుచుండిన చాలును.

ఇంత నిదానమెందుకనవచ్చును. మేకమాంసములో క్రొవ్వు తక్కువ, నరము ఎక్కువ. ఆ నరములలోని కొల్లాజెన్ అను పదార్థము సన్నని వేడిమీద రెండు గంటలు ఉడికినప్పుడు కరిగి రసములో కలియును. పులుసుకు పెదవికి అంటు జిగి దానివలననే వచ్చును. 1959 మొదలు మన దేశములో ప్రెషర్ కుక్కర్లు తయారగుచున్నవి. కుక్కరులో మాంసము అరగంటకే మెత్తబడును. కాని దుంపలు కూడ అప్పుడే వేసితిమా, గుజ్జయి కనబడకుండ పోవును.

దుంపలు ఒక్కసారిగా వేయరాదు. గంటంబావు గడచిన తరువాత ముల్లంగి, రెండు గంటల వేళకు ఉర్లగడ్డలు. చేమదుంపలు వేరుగా ఉడికించి, తొక్క తీసి, నూనెలో కొంచెము వేయించి చివరి పది నిమిషములలో వేయవలెను. లేనియెడల జిగురు పులుసంతయు పట్టును. చింతపండు రసము ఉర్లగడ్డలు మెత్తబడిన పిదపనే పోయవలెను. పులుపు ముందు తగిలిన దుంప ఎంతసేపటికిని సరిగా ఉడకదు.

వండుట తెలిసినను, వండు దినము నిర్ణయించుట మా ఇంట పెద్ద చిక్కు. మా క్రింది వాటాలోని తమిళ కుటుంబమువారు పురట్టాసి నెలంతయు మాంసము ముట్టరు. ఆ నెల మా మేడమీద తాళింపు వాసన వారికి ఇబ్బంది యని మేమును మానుకొందుము. మా అమ్మ కార్తికమాసము పట్టును. ఈ రెంటి నడుమ వచ్చునది దీపావళి. ఇక్కడ మాంసము తిను ఇండ్లలో దీపావళి నాడు తెల్లవారుజామున తలంటుకొని, ఇడ్లీలతో మాంసపు పులుసు తినుట మామూలు. మనకో, ఆనాటి సాయంకాలము లక్ష్మీపూజ!

తమిళ మాసము సూర్యుని బట్టి, మన మాసము చంద్రుని బట్టి నడచును. పురట్టాసి ఏటేటా అక్టోబరు 17 ప్రాంతముననే ముగియును. కార్తికము మాత్రము ఏటికి పదునొకండు దినముల చొప్పున ముందుకు జరిగి, అధికమాసము వచ్చిన యేడు మరల వెనుకకు పోవును. 2025లో పురట్టాసి అక్టోబరు 17తో ముగిసినది, దీపావళి 20, కార్తికారంభము 22. మాకు మిగిలినవి నాలుగే దినములు.

"అందరూ పొద్దున్నే తింటారు నానమ్మా, మనం మాత్రం పప్పన్నమా?" అని మా పిల్లలు.

"లక్ష్మి ఇంటికొచ్చే రోజున పొయ్యి మీద మాంసమేమిట్రా నాయనా?" అని మా అమ్మ.

రెండు మాటలును న్యాయమైనవే. మా పిల్లలు ఇక్కడ పుట్టినవారు; వారి దీపావళి ఈ వీధి దీపావళియే. మా అమ్మకు ఆ సాయంకాలపు దీపము ఈ ఊరికి రాకముందు నుండియు వచ్చుచున్నది. ఇద్దరిలో ఎవరు ఓడినను ఇంట పండుగ తగ్గును. చివరకు మా ఆవిడ ముందురోజైన ఆదివారము మధ్యాహ్నమే రెండింతలుగా పులుసు వండినది. మేము ఆ పూట తింటిమి. మిగిలినది గిన్నెతో క్రింది వాటాలోని అక్కగారికి పంపితిమి. సోమవారము ఉదయము వారింట ఇడ్లీలతో మా పులుసు. మా పిల్లలును అక్కడనే పీటలు వేసికొనిరి. నిదానముగా ఉడికిన పులుసుకు మరునాడే రుచి ఎక్కువ. సాయంకాలము మా అమ్మ కడిగిన పొయ్యిమీద పరమాన్నము వండి లక్ష్మీపూజ చేసినది. ఆ ప్రసాదము కూడ క్రిందికి వెళ్లినది.

2026లో అధికమాసమున్నది. దీపావళి నవంబరు 8, ఆదివారము. కార్తికము 10వ తేదీన. పురట్టాసి ముగిసిన తరువాత మూడు వారముల వ్యవధి గలదు. చేమదుంపలు మాత్రము ముందుగా కొనియుంచుకొనుడు; పండుగ వారములో బజారున ధర పలుకును.