పెగడపల్లి మెకానిక్ - బహ్రెయిన్ పందెం కార్లు

మన సినిమాల్లో కారుకు దక్కిన మర్యాద ఒక్కోసారి హీరోయిన్‌కు కూడా దక్కదు! ఆ రోజుల్లో జమీందారు గారి మేడ ముందు పొడుగాటి ఇంపాలా వచ్చి ఆగిందంటే చాలు, నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా అందరూ మెడలు సాచి చూసేవారు. హాలీవుడ్ వాళ్ళయితే ఏకంగా కారునే హీరోని చేసి పారేశారు. 1968లో వచ్చిన 'బుల్లిట్'లో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్, 1971 నాటి 'వానిషింగ్ పాయింట్'లో తెల్లటి డాడ్జ్ ఛాలెంజర్... వాటి మోత విన్నవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు. అవే 'మజిల్ కార్లు'. అంటే కండలు తిరిగిన కార్లన్నమాట!

అటువంటి కార్లను తెరమీద కాకుండా, పది గజాల దూరంలో నిలబడి, చెవుల్లో దూది పెట్టుకుని చూసే అవకాశం నాకు దొరికింది. ఎక్కడ అనుకుంటున్నారు? అమెరికాలో కాదు, బహ్రెయిన్‌లో! చూపించింది ఏ షేకు గారో కాదు, మా పెగడపల్లి బావ!

అంజన్న గట్టు నుంచి అరబ్బు ఎడారికి

పెగడపల్లి జగిత్యాల జిల్లాలో ఓ మండల కేంద్రం. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఒకవైపు కొండగట్టు అంజన్న, ఇంకోవైపు ధర్మపురి నరసింహస్వామి, మధ్యలో మా ఊళ్ళు. వరి, పసుపు, మామిడి, అరుగుల మీద బీడీల చాటలు. వీటికి తోడు మాకు ఇంకో పంట కూడా ఉంది. దాని పేరు 'దుబాయి'. మస్కట్ పోయినా, కువైట్ పోయినా, బహ్రెయిన్ పోయినా మా దగ్గర ఒకటే మాట - "దుబాయి పోయిండు".

మా అక్క మొగుడు అలా పోయినవాడే. ఊళ్ళో ఉన్నప్పుడు వ్యవసాయ బావుల దగ్గర అయిదు హార్సుపవరు ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. వర్షాలు లేక, బావులెండి, ఇంజన్లే మూలపడ్డాక ఏజెంటుకు డబ్బు కట్టి విమానం ఎక్కాడు. ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఈ నెలాఖరుకు వీసా ముగించుకుని శాశ్వతంగా ఇంటికొచ్చేస్తున్నాడని తెలిసి, పోయేలోపు ఆయన లోకం ఒకసారి చూసొద్దామని బయల్దేరాను. అక్క ఇచ్చిన సకినాలు, మామిడికాయ తొక్కు నా పెట్టెలో సగం ఆక్రమించాయి!

శంషాబాద్‌లో ఎక్కితే నాలుగైదు గంటల్లో బహ్రెయిన్. చిన్న దీవి. అక్కడ సల్మాబాద్ అనే పేటలో వరుసగా గ్యారేజీలు. గ్రీజు, రబ్బరు, యాలకుల చాయ్... మూడూ కలిసిన వాసన. అందులో ఓ షెడ్డులో ముసుగు కప్పి ఉంది ఒక కారు. బావ ముసుగు తీశాడు. ముదురు నీలం రంగు, బానెట్ మీద రెండు తెల్ల చారలు.

"1970 మోడల్ షెవర్లే షెవెల్ బామ్మర్దీ. ఏడున్నర లీటర్ల ఇంజను. నాలుగు వందల యాభై గుర్రాలు. మన బాయికాడి ఇంజన్లు తొంభై గట్టి కట్టినట్టు లెక్క!" అన్నాడు.

బావ చదివింది ఏడో తరగతి. లెక్క మాత్రం తప్పలేదు.

చమురు ఆడించిన నాటకం

ఈ కార్ల చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1964లో పాంటియాక్ కంపెనీ మామూలు సైజు కారులో పెద్ద ఇంజను బిగించి 'జీటీవో' పేరుతో అమ్మింది. కుర్రకారు ఎగబడింది. దాంతో అన్ని కంపెనీలూ పోటీలు పడి హార్సుపవరు పెంచాయి. 1970 నాటికి అది పరాకాష్ఠ. ఆ తర్వాత పొగ నిబంధనలు వచ్చాయి, ఇన్సూరెన్సు రేట్లు పెరిగాయి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పీపా ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగింతలయింది. గ్యాలన్లకు గ్యాలన్లు తాగే ఈ కార్లకు అదే చావుదెబ్బ.

విచిత్రం చూడండి! ఆ పెరిగిన ధరే గల్ఫు దేశాల్లో డబ్బు కుమ్మరించింది. ఆ డబ్బుతో రోడ్లు, ఓడరేవులు, మేడలు లేచాయి. వాటిని కట్టడానికి మన పల్లెల నుంచి మనుషులు కావలసి వచ్చారు. అంటే అక్కడ షెవెల్‌ను షెడ్డుకు పంపిందీ, ఇక్కడ మా బావను విమానం ఎక్కించిందీ ఒకే చమురు! చివరికి ఆ కారూ ఈ మనిషీ కలుసుకున్నది ఎక్కడయ్యా అంటే - గల్ఫులోని మొదటి చమురు బావుల్లో ఒకటి 1932లో పడిన దీవిలో.

పావుమైలు సంగతి

అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. శుక్రవారం సాయంత్రం షెవెల్‌ను లారీ మీద ఎక్కించి సఖీర్ ఎడారికి తీసుకుపోయాం. 2004లో తెరిచిన బహ్రెయిన్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అక్కడే ఉంది. ఫార్ములా వన్ పందేలు జరిగేది దాంట్లోనే. దాని పక్కనే తిన్నగా సాగే ఇంకో రోడ్డు - డ్రాగ్ స్ట్రిప్.

డ్రాగ్ రేసంటే వంకర్లు, టింకర్లు ఏమీ ఉండవు. రెండు కార్లు, రెండు వరసలు, పావుమైలు దూరం. మీటర్లలో 402. నిలబడిన చోటునుంచి లేచి ఎవడు ముందు దాటితే వాడిదే గెలుపు. పన్నెండు, పదమూడు సెకన్ల ముచ్చట! "ఇంతేనా?" అనుకుంటారేమో. నేనూ అలాగే అన్నాను. బావ నవ్వి ఊరుకున్నాడు.

మొదట నీళ్ళు చల్లిన చోట వెనక చక్రాలు గిర్రున తిప్పి రబ్బరు వేడెక్కిస్తారు. పొగ మబ్బులా కమ్ముకుంటుంది. రోడ్డుకూ ఏదో జిగురు మందు కొడతారు, చెప్పు పెడితే అంటుకుపోతుంది. గీత దగ్గర కంటికి కనపడని వెలుతురు కిరణాలు. ముందు చక్రం వాటిని తాకగానే ఎదురుగా స్తంభం మీద దీపాలు వెలుగుతాయి. దాన్ని 'క్రిస్మస్ ట్రీ' అంటారు. పసుపు దీపాలు అర సెకను ఎడంగా ఒకదాని తర్వాత ఒకటి, ఆపైన ఆకుపచ్చ. తొందరపడి ముందే కదిలితే ఎర్రదీపం - ఓడినట్టే. తమాషా ఏమిటంటే కారు గడియారం మొదలయ్యేది దీపం వెలిగినప్పుడు కాదు, చక్రం కదిలినప్పుడు. అందుచేత గొప్ప టైము చేసినవాడు కూడా నిద్రపోతూ కదిలితే ఓడిపోవచ్చు!

వచ్చినవాళ్ళలో పెద్ద పెద్ద రేసుగాళ్ళు కొందరే. బ్యాంకు ఉద్యోగులు, కాంట్రాక్టర్లు, తండ్రి కారు పట్టుకొచ్చిన కాలేజీ కుర్రాళ్ళు ఎక్కువ. 1986లో తెరిచిన సముద్రం మీది వంతెన దాటి సౌదీ నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. మస్టాంగులు, కామెరోలు, ఓ ముసలి డాడ్జ్ ఛార్జర్. పెద్దలు చాపలు పరిచి ఖర్జూరాలు, ఖావా పంచుతున్నారు. అచ్చం మా జాతరలో బండ్లు తిరిగే చోటులాగే ఉంది సందడి!

అన్నట్టు, మన సినిమావాళ్ళకు ఈ మోజు కొత్తదేం కాదు. మన పరిశ్రమ మద్రాసులో ఉన్న కాలంలో ఊరిబయట షోళవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు పందేలు నడిపేది. ఎండలో వేలమంది జనం నిలబడి చూసేవారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలు ట్రాక్ వచ్చాక ఆ రన్‌వే కథ ముగిసింది.

సూది వణికింది

కారు యజమాని యాభై దాటిన మనిషి. బావ ఆయన్ని 'అర్బాబ్' అంటాడు, అంటే దొర అని. ఆయనే స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. పచ్చదీపం వెలగ్గానే షెవెల్ ముందు భాగం పైకి లేచింది. ఆ మోత చెవులకు కాదు, గుండెలకు తగిలింది. 12.4 సెకన్లు. చివర్లో గంటకు నూట డెబ్బై అయిదు కిలోమీటర్ల పైచిలుకు వేగం. చాపల మీది జనం చప్పట్లు కొట్టారు.

బావ మాత్రం చప్పట్లు కొట్టలేదు. కారు తిరిగి రాగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "ఆయిల్ సూది వణుకుతున్నదా?" అని అర్బాబ్‌ను అడిగాడు. "కొంచెం. అయితే ఏమైంది?" అన్నాడాయన.

రాత్రి గ్యారేజీలో ఆయిల్ ఫిల్టరు తీసి, రంపంతో కోశాడు. లోపలి మడతల కాగితం విప్పి తెల్లబట్ట మీద పిండాడు. టార్చి వేసి చూపించాడు. నల్లటి నూనెలో సన్నటి రజను... రాగి రంగులో మెరుస్తోంది.

"బేరింగ్ తినుకుంటాంది బామ్మర్దీ. పై పూత పోయి కింది రాగి బయటికచ్చింది. రేపు ఆ జోరు మీద పోతే రాడ్డు ఇరిగి ఇంజను పక్కలకెల్లి బయటవడ్తది. ఆ నూనె దాని టైర్ల కిందికే అస్తది. ఇగ ఆ బండిని ఆపేటోడెవడు?"

శనివారం అర్బాబ్‌కు ముఖ్యమైన రోజు. సౌదీ నుంచి స్నేహితులొస్తున్నారు. పాత ఛార్జర్‌తో పందెం ఖాయమైపోయింది. బావ పరిస్థితి చూస్తే - ఇరవై రెండేళ్ళ ఉద్యోగం తాలూకు చివరి లెక్క ఇంకా చేతికి రాలేదు. ఆ డబ్బుతో ఇల్లు కట్టిన బాకీ తీరాలి, మిగిలింది పెట్టి ఊళ్ళో షెడ్డు వేయాలి. దాని మీద సంతకం పెట్టాల్సింది అర్బాబే. ఇంకో పన్నెండు రోజుల్లో వెళ్ళిపోయే మనిషికి ఈ తలనొప్పి ఎందుకు? నూనె మార్చి, నోరు మూసుకుంటే సరిపోయేది. పక్క షెడ్డులో పనిచేసే కోరుట్ల అతనూ అదే మాట చెప్పాడు: "ఒక్క దౌడుకు ఏం గాదు, ఊకో అన్నా."

బావ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నావైపు చూసి, "మన గట్టు మీద బస్సు యాదికున్నదా?" అన్నాడు.

మా ప్రాంతంలో ఎవరు మర్చిపోతారు? 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. ఒక్కో ఊళ్ళో ఒకేరోజు ఎన్నో పాడెలు లేచాయి. కొత్త బండి కొన్న ప్రతివాడూ పూజ చేయించడానికి అంజన్న దగ్గరికే తెచ్చే మా ప్రాంతంలో, ఆ గట్టు మీదే అంత ఘోరం జరిగింది.

శనివారం మధ్యాహ్నం అర్బాబ్ రాగానే బావ ఆ బట్ట ఆయన ముందు పరిచాడు. సగం అరబ్బీ, సగం హిందీలో విషయం చెప్పాడు. ఆయన మొహం ఎర్రబడింది. "ఈ ఒక్క రాత్రి. గెలిచాక ఇంజను మొత్తం విప్పుదువుగాని" అన్నాడు. బావ గొంతు పెంచలేదు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, "బండి మీది. తీస్కపోండ్రి. గని నేను బానెట్ మూయ. నేను మూసిన్నంటే అది బాగున్నదని చెప్పినట్టు" అన్నాడు.

షెడ్డులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అర్బాబ్ ఆ రజనును వేలితో తీసుకుని, వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. ఏమీ అనకుండా బయటికి నడిచాడు. లారీ రాలేదు.

ఆ రాత్రి మేము ప్రేక్షకులుగానే సఖీర్ వెళ్ళాం. ఛార్జర్ వేరే కామెరోతో తలపడి గెలిచింది. అర్బాబ్ తన స్నేహితుల చాప మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి కూడా పలకరించలేదు. బావ చాయ్ కప్పు పట్టుకుని పందేలన్నీ చూశాడు గానీ, మనసు అక్కడ లేదు. "లెక్క ఇస్తడంటవా?" అని ఒక్కసారి మాత్రం అడిగాడు. నేనేం చెప్పగలను?

లెక్క తేలింది

మిగిలిన పది రోజుల్లో బావ ఆ ఇంజను దింపి విప్పాడు. రెండు బేరింగులు అరిగి కాగితంలా తయారయ్యాయి. క్రాంకు మీద గీతలు పడ్డాయి. అర్బాబ్ వచ్చి చూసి, "ఇక్కడి కుర్రాళ్ళకు లాప్‌టాప్ తగిలించడం వచ్చు, ఇలా చెయ్యి పెట్టి వినడం రాదు. ఇంకో ఏడాది ఉండు" అన్నాడట. జీతం పెంచుతానన్నాడట. బావ ఉండనన్నాడు. పక్కనున్న కేరళ కుర్రాణ్ణి పిలిచి కార్బురేటర్ జెట్ల సంగతి, వాల్వుల గ్యాపు సంగతి నోటుబుక్కులో రాయించాడు. చివరి లెక్క పైసాతో సహా వచ్చింది. వెళ్ళే రోజు అర్బాబే స్వయంగా కారులో విమానాశ్రయానికి దింపాడు. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదట!

ఇప్పుడు పెగడపల్లిలో బావ షెడ్డు నడుస్తోంది. ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, ఆటోలు వస్తుంటాయి. మా మేనల్లుడు గల్ఫు పోతానని పట్టుపడితే, ఐటీఐలో చేరి చేతికి పని నేర్చుకున్నాకే ఆ మాటెత్తమన్నాడు. కాలువ గట్టు మీద బైకు పందేలు పెట్టుకునే పోరగాళ్ళకు బావంటే మహా ఇష్టం. సైలెన్సర్ కొయ్యమని, జోరు పెంచమని వస్తారు. అప్పుడు బావ ఫోనులో షెవెల్ లేచే వీడియో చూపిస్తాడు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే మెల్లగా బైకు వెనక చక్రం దగ్గర కూర్చుంటాడు.

"అది పావుమైలు ఉరికింది సూసిన్రు గద? ఆగనీకి దానికి అంతకంటే ఎక్కువ రోడ్డు ఉన్నది. మీకేడున్నది? ముందుగాల బ్రేకు గట్టలు మార్పియ్యిండ్రి" అంటాడు.

గట్టల పైసలు మాత్రం తీసుకుంటాడు. బిగించినందుకు కూలి అడగడు.